చీరొక రంగు, ఫొటో ఇంకో రంగు: కెమెరా కొంటే తీరుతుందా?

మంగళగిరి వైపు నుంచి ఒకావిడ రాశారు, పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెప్తాను. వాళ్ళది నేత ఇల్లు, మామగారు ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటారు, ఇంట్లో నేసినవి కాక చుట్టుపక్కల వాళ్ళ దగ్గర కూడా చీరలు తీసుకుని ఈవిడ వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతారు. స్టాక్ సాయంత్రానికి చేతికొస్తుంది, మరిది ఏడింటికి ఉద్యోగం నుంచి వస్తాడు, పిల్లలు పడుకున్నాక హాల్లో చీరలు గోడకి వేలాడదీసి అతనే ఫోన్‌తో ఫొటోలు తీసి కాస్త ఎడిట్ చేసి రాత్రికి రాత్రే గ్రూపులో పెట్టేస్తాడు. ఫొటోలు భలే ఉన్నాయని అందరూ అంటారు, ఆర్డర్లూ వస్తాయి, కానీ ఈమధ్య చీరలు వెనక్కి రావడం ఎక్కువైంది. వంగపండు రంగు చీర ఫొటోలో నీలంగా పడింది, నీలం అనుకుని కొన్నావిడ తిప్పి పంపింది. క్రీమ్ చీర సిమెంట్ రంగులో కనపడుతోందట, అసలు దాన్ని ఎవరూ అడగట్లేదు. మెరూన్ ఇటుక రంగులోకి పోయింది. నెమలికంఠం చీర చూసి "ఇది నేను అడిగిన చీరే కాదు" అన్నారట. చివరికి హైదరాబాద్ కస్టమర్ ఒకావిడ గ్రూపులో అందరి ముందూ "ఒకటి చూపించి ఇంకోటి పంపడం మోసం" అని పెట్టేసరికి ఈవిడకి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇక ఇంట్లో తలా ఒక మాట. ఫోన్‌తో ఇంతే వస్తుంది, కెమెరా కొందాం, 65 వేలు, ఈఎంఐ పెట్టుకుందాం అని మరిది. "రంగులో కొద్దిగా తేడా ఉండొచ్చు, రిటర్న్ లేదు" అని రాసేసెయ్యి, పెద్ద షాపులోళ్ళు కూడా అలాగే రాస్తారు అని అత్తగారు. ఈ తలనొప్పి మనకెందుకు, మానెయ్యమని ఆయన. ఉత్తరంలో నాకు బాగా తగిలింది మాత్రం చివరి వాక్యం: "రూపాయి తీసుకోకుండా రోజూ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని తీస్తాడండీ, నీ ఫొటోల వల్లే ఇదంతా అని వాడితో ఎలా అనను?"

అనక్కర్లేదమ్మా. ఎందుకంటే అది నిజం కాదు. మీరు హాలు గురించి రాసిన నాలుగు ముక్కల్లోనే సగం జబ్బు కనపడిపోతోంది. పైన తెల్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, దేవుడి మూల పసుపుపచ్చ బల్బు, గోడలకి గృహప్రవేశం అప్పుడు వేయించిన పిస్తా గ్రీన్ పెయింటు. ఆ గదిలో ఆ టైములో ఎవరు తీసినా, ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా రంగు తప్పుతుంది. కాబట్టి మరిదితో మాట్లాడేటప్పుడు తప్పు లైట్లది అని చెప్పండి, మొహమాటానికి కాదు, ఉన్న మాటే.

ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తడుతుంది. వెలుతురుకి కూడా రంగుంటుంది, దాన్ని కెల్విన్‌లలో కొలుస్తారు. పసుపు బల్బు 2700 దగ్గర, పగటి వెలుతురు 5500 అటూఇటూ, మనిళ్ళలో తెల్ల ట్యూబులు చాలావరకు 6500. మన కన్ను ఏ గదిలోకి వెళ్ళినా నిమిషంలో సర్దుకుపోతుంది, తెల్ల పంచె ట్యూబు కిందా తెల్లగానే ఉంటుంది, దీపం దగ్గరా తెల్లగానే అనిపిస్తుంది. ఫోన్ కూడా అదే పని చెయ్యాలని చూస్తుంది, దాన్నే ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారు, కానీ మామూలుగా మొత్తం ఫొటోకి అది ఒక్క సర్దుబాటే చేస్తుంది. చీర కొంగు మీద ట్యూబు వెలుతురు, అంచు మీద దేవుడి మూల బల్బు వెలుతురు పడితే ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. దానికి తోడు ఫ్రేమంతా ఒకే రంగు చీర నిండిపోతే ఫోన్‌కి అది చీర రంగో లైటు రంగో తెలీక, చిలకపచ్చ చీర తీస్తే "అబ్బో, పచ్చ ఎక్కువైంది" అనుకుని గులాబీ వైపు లాగేస్తుంది. అదీ చాలదన్నట్టు పిస్తా గోడ మీంచి తిరిగొచ్చే పచ్చదనం క్రీమ్ చీర మీద పడుతుంది, ఇది మాత్రం ఏ సెట్టింగుతోనూ పూర్తిగా పోదు. (ఫొటో తీసేటప్పుడు కళ్ళు జిగేల్మనే నారింజ రంగు నైటీ వేసుకుని చీర పక్కనే నిలబడినా ఇదే జరుగుతుంది, నవ్వకండి, జరుగుతుంది.)

వంగపండు, మెరూన్ సంగతి వేరు. మామూలు ఎల్ఈడీ ట్యూబు తెల్లగా కనపడుతుంది కానీ దాన్లో ముదురు ఎరుపు చాలా తక్కువ. లైటు అసలు రంగుల్ని ఎంత బాగా చూపిస్తుందో చెప్పే అంకె ఒకటుంది, సీఆర్ఐ అంటారు, మామూలు ట్యూబులకి 80 దాకా ఉంటుంది, వినడానికి ఫస్ట్ క్లాస్ మార్కుల్లాగే ఉంటుంది. కిటుకేంటంటే ఆ అంకె లెక్క కట్టేది ఎనిమిది లేత లేత రంగుల మీద, ముదురు ఎరుపుకి ఆర్9 అని విడిగా లెక్కుంది, అది సగటులో కలవదు. అందుకే 80 వచ్చిన ట్యూబు కూడా ఆర్9లో సున్నా దగ్గర ఉండొచ్చు. వంగపండు రంగంటే నీలమూ ముదురు ఎరుపూ కలిసిందే కదా, లైటులో ఎరుపే లేకపోతే చీర ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది, నీలం ఒక్కటే మిగులుతుంది. మెరూన్ ఇటుక రంగులోకి పోవడం కూడా ఇందుకే. ఇది ఫొటో తీశాక ఎడిటింగులో బాగుచేద్దామన్నా కుదరదు, అసలు చీర మీంచి రాని వెలుతురుని తర్వాత ఎక్కణ్ణుంచి తెస్తాం, మహా అయితే ఫొటో మొత్తం ఎర్రబారుతుంది.

క్రీమ్ చీర సిమెంట్ రంగవడం లైటు తప్పు కాదు, కొలత తప్పు. కెమెరా అయినా ఫోనైనా ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిద రంగు అనుకుని వెలుతురు కొలుస్తుంది. ఫ్రేమంతా తెల్ల చీరే ఉంటే ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, నల్ల చీరైతే చాల్లేదనుకుని పెంచేసి వెలిసిపోయినట్టు చేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. చీర మీద వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది, పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది, తెల్ల, క్రీమ్, గంధం రంగు చీరలకి దాన్ని పైకి, నలుపు, బాటిల్ గ్రీన్‌లకి కిందికి జరపాలి. కెమెరా భాషలో చెప్పాలంటే తెల్ల చీరకి ప్లస్ 1 చుట్టుపక్కల, నల్లదానికి మైనస్ 1 చుట్టుపక్కల. మిరపపండు ఎరుపు, రాణి పింక్ లాంటి గాఢమైన రంగులకి మాత్రం అస్సలు పెంచకండి, కాస్త తగ్గించే తియ్యండి, లేకపోతే ఎరుపు ఒక్కటీ పొంగిపోయి నేత పోగులు కనపడకుండా ప్లాస్టిక్ షీటులా వస్తుంది. జరీ మెరుపు కూడా అంతే, ఒక చోట తెల్లగా కాలిపోయిందంటే అక్కడ బంగారం రంగు ఇక లేనట్టే.

నెమలికంఠం చీరకి మాత్రం ఎవర్నీ ఏమీ అనలేం. పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డ పోగు) ఇంకో రంగు, ఒక వైపు నుంచి చూస్తే నీలం, కుచ్చిళ్ళు తిరిగిన చోట పచ్చ. ఒక్క ఫొటోలో అది పట్టదు. అలాంటి డబుల్ షేడ్ చీరలకి కిటికీ దగ్గర చేత్తో మెల్లగా మడత తిప్పుతూ చిన్న వీడియో పెట్టండి, కింద "పడుగు నీలం, పేక పచ్చ" అని రాయండి. నేతింటి కోడలు మీరు, ఈ మాట రాస్తే కస్టమర్‌కి నమ్మకం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఏం చెయ్యాలన్నది. మీ ముందు నాలుగు దార్లున్నాయి, దేని లాభం దానిది, దేని నష్టం దానిది.

రూపాయి ఖర్చు లేనిది పగటిపూట కిటికీ. మీ హాలు కిటికీ పడమర వైపు అన్నారు, అంటే పొద్దున పూట ఎండ నేరుగా పడదు, మెత్తటి వెలుతురు, చీరలకి ఇంతకంటే మంచిది లేదు. పిల్లలు బడికెళ్ళాక పదింటి నుంచి పన్నెండింటి లోపు పెట్టుకోండి. ట్యూబులన్నీ ఆపెయ్యండి, దేవుడి మూల బల్బుతో సహా, "ఉంటే ఇంకాస్త వెలుతురు వస్తుంది కదా" అని పగలు ట్యూబు వెయ్యడమే అన్నిటికంటే ఎక్కువమంది చేసే పని, మళ్ళీ రెండు రంగుల వెలుతురు కలుస్తుంది. కిటికీ అద్దాలు లేత నీలమో పచ్చో ఉంటే రెక్కలు తెరిచేయండి. పిస్తా గోడ మీద తెల్ల దుప్పటి కట్టండి, చీర కిటికీకి పక్కవాటుగా ఉండాలి, ఎదురుగా కాదు, పక్క నుంచి వెలుతురు పడితేనే నేత, బుటా, జరీ తేలి కనపడతాయి. రెండో వైపు చీకటిగా ఉంటే తెల్ల ధర్మాకోల్ షీటు ఒకటి నిలబెట్టండి. ఫ్యాన్ ఆపండి. ఫోన్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే డబ్ల్యూబీ, అంటే వైట్ బ్యాలెన్స్ అన్న చోట ఆటో తీసేసి, కిటికీ దగ్గర తెల్లటిది తెల్లగా కనపడే దాకా అంకె జరిపి, అక్కడే ఉంచి మొత్తం స్టాకు తియ్యండి, చీర చీరకీ మార్చకూడదు. మబ్బు పట్టిన రోజు మాత్రం మళ్ళీ ఒకసారి చూసుకోండి. గ్రే కార్డు అని బూడిద రంగు అట్ట దొరుకుతుంది, కొన్ని వందల్లో వస్తుంది, మొదటి ఫొటోలో దాన్ని చీర మీద పెట్టి తీస్తే ఎడిటింగులో దాని మీద ఒక్క నొక్కుతో రంగు సర్దుకుంటుంది, మిగతా ఫొటోలకి అదే వాడుకోవచ్చు. తెల్ల కాగితమైనా పనిచేస్తుంది కానీ కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనం వల్ల పగటి వెలుతురులో కొంచెం నీలి ఛాయ ఉంటుంది, దాన్ని చూసి సరిచేస్తే చీర పసుపు వైపు పోతుంది.

దీని నష్టం మీకు నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం వచ్చిన చీర మర్నాడు మధ్యాహ్నానికి గానీ గ్రూపులో పడదు, ఈలోపు ఇంకో గ్రూపులో అలాంటి చీరే అమ్ముడైపోవచ్చు. వానాకాలం కొన్ని రోజులు కుదరదు. పైగా ఫొటోలు మీరే తియ్యాలి, అంటే వంట, పిల్లలు, ప్యాకింగు, ఇప్పుడు ఇది కూడా మీ నెత్తి మీదే, ఇంట్లో ఎవరైనా పొద్దున ఒక గంట మీ పని అందుకోకపోతే ఈ ముచ్చట పది రోజుల్లో ఆగిపోతుంది. ఆయన్ని అడగండి, మానెయ్యమనడం కంటే అది తేలిక.

రెండో దారి రాత్రి పనిని రాత్రే ఉంచుకుని లైట్లు మార్చడం. సీఆర్ఐ 95 పైన ఉన్నవి, డబ్బా మీద ఆర్9 అంకె కూడా వేసి 90కి దగ్గరగా ఉన్నవి, 5000 నుంచి 5600 కెల్విన్ మధ్యవి, ఒకే కంపెనీ ఒకే మోడల్ రెండు లైట్లు. ఖర్చు కొన్ని వేలు, కెమెరాతో పోలిస్తే ఏపాటిది. లైటుకీ చీరకీ మధ్య అడుగు దూరంలో తెల్లటి పల్చటి పంచె కట్టండి, మీ ఇంట్లో బట్టకి కరువా, వెలుతురు మెత్తబడుతుంది, జరీ కాలదు. రెండు లైట్లూ చెరో వైపు, ఒకటి కొంచెం దగ్గరగా ఇంకోటి దూరంగా. హాల్లో మిగతా లైట్లన్నీ ఆఫ్. మరిది పని మరిదికే ఉంటుంది, రోజూ ఒకే రకంగా వస్తుంది, వానకీ మబ్బుకీ సంబంధం లేదు. ఇబ్బందల్లా హాల్లో ఒక మూల శాశ్వతంగా దీనికి వదిలెయ్యాలి, రోజూ కట్టి విప్పుతుంటే లైటు దూరం మారి మళ్ళీ మొదటికొస్తుంది, ఇంకా రాత్రిపూట పిల్లలు మధ్యలో లేస్తే ఆ పంచె కింద దూరకుండా చూసుకోవాలి. ఫొటోల్లో అడ్డంగా నల్ల చారలు పడితే భయపడొద్దు, మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి, ప్రో మోడ్‌లో షట్టర్ (ఎంతసేపు వెలుతురు పట్టాలో చెప్పే అంకె) సెకనులో 1/100 వంతు గానీ 1/50 వంతు గానీ పెడితే చారలు పోతాయి, ఫోన్‌కి మాత్రం స్టాండు ఉండాలి.

మూడో దారి కెమెరా, మరిది మాటలో అసలు పస లేదని నేననను. పెద్ద సెన్సర్ (వెలుతురు పట్టే చిప్పు), తక్కువ వెలుతురులో మచ్చలు తక్కువ, రా ఫైలు (కెమెరా తనంతట సర్దకుండా ఉంచే పచ్చి ఫొటో) తీస్తే తర్వాత రంగు సర్దుకునే వీలు ఎక్కువ. కానీ ఆ హాల్లో ఆ ట్యూబుల కింద 65 వేల కెమెరా పెట్టినా వంగపండు నీలంగానే వస్తుంది, ఆ నీలం ఇంకా స్పష్టంగా వస్తుంది అంతే. రా ఫైలు ఇప్పుడు చాలా ఫోన్లలోనే ఉంది. పైగా రా అంటే ప్రతి చీరా కూర్చుని సర్దాలి, పదకొండింటికి పడుకునే అబ్బాయి ఒంటిగంటకి పడుకుంటాడు. మోడల్‌కి కట్టించి ఫొటోలు తీసేంతగా వ్యాపారం పెరిగిన రోజున కొనండి, ఆ రోజు నేనే ఏది కొనాలో రాస్తాను. ఇప్పుడు మాత్రం లైట్లు ముందు, కెమెరా తర్వాత. వాణ్ణి వద్దని కొట్టిపారెయ్యకుండా "ముందు లైట్లు కొందాం, రెండు నెలలు చూద్దాం, రిటర్నులు తగ్గకపోతే అప్పుడు కెమెరా మాట్లాడదాం" అనండి.

నాలుగోది అత్తగారి మాట, అదీ చూద్దాం. "స్క్రీన్‌ని బట్టి రంగులో కొద్దిపాటి తేడా ఉండొచ్చు" అని రాయడం తప్పేం కాదు, రాయాలి కూడా, ఎందుకంటే కస్టమర్ ఫోన్‌లో రంగులు పెంచి చూపించే వివిడ్ మోడ్ ఉందో, కళ్ళకి మంచిదని స్క్రీన్ పసుపుగా పెట్టుకుందో మనకి తెలీదు. రాణి పింక్, కొన్ని నెమలి రంగులు మామూలు స్క్రీన్ చూపించగలిగే హద్దు దాటి ఉంటాయి, ఎంత తన్నుకున్నా ఫొటోలో పడవు. కానీ కొద్దిపాటి అన్న మాట వంగపండుకీ నీలానికీ మధ్య తేడాని కప్పదు. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన కేంద్ర ప్రభుత్వం రూల్స్‌లో ప్రకటనలో చూపించినట్టు లేని సరుకుని వెనక్కి తీసుకోనంటే కుదరదని ఉంది. అదటుంచండి, గ్రూపు వ్యాపారం నడిచేదే మాట మీద, రిటర్న్ లేదన్న బోర్డు పెట్టాక పాత కస్టమర్ నోరు విప్పి అడగదు, ఇంకో గ్రూపుకి వెళ్ళిపోతుంది.

నన్నడిగితే మొదటిదీ రెండోదీ కలిపి నడిపిస్తాను, లైట్లు వచ్చేదాకా కిటికీ, వచ్చాక రోజువారీ స్టాకు మరిదికి, ఖరీదైన పట్టు చీరలూ వంగపండు, మెరూన్‌లూ మాత్రం పొద్దున పూట మీరు. అది నా లెక్క, మీ ఇంటి పద్ధతి మీకు తెలుసు.

మరిదికి చెప్పాల్సిన మాట ఒకటి మాత్రం ఉంది, అది లైట్ల మీద నెట్టెయ్యలేం. ఎడిటింగులో రంగు పెంచడం. ఉత్తరంలో మీరు "కొంచెం బ్రైట్ చేస్తాడు" అని మెల్లగా అనేశారు గానీ, ఆర్డర్లు రావడంలోనూ, చీరలు తిరిగి రావడంలోనూ దాని పాత్ర కొంత ఉంది. దాన్ని తప్పు పట్టినట్టు కాకుండా పద్ధతి మార్చండి: ఎడిట్ చేసేటప్పుడు అసలు చీర పక్కనే ఉండాలి, కొత్త లైట్ల కిందో కిటికీ దగ్గరో. ఫోన్‌లో వివిడ్ తీసేసి నేచురల్ పెట్టాలి, స్క్రీన్‌ని పసుపుగా చేసే ఐ కంఫర్ట్ ఆఫ్ చెయ్యాలి, స్క్రీన్ వెలుతురు మరీ ఎక్కువా తక్కువా కాకుండా మధ్యలో పెట్టాలి. కెమెరాలో సీన్ గుర్తుపట్టి రంగులు పెంచే ఏఐ ఆప్షన్ ఉంటే అదీ ఆఫ్. చీరనీ స్క్రీన్‌నీ మార్చి మార్చి చూస్తూ దగ్గరగా వచ్చాక ఆపెయ్యాలి, అందంగా వచ్చాక కాదు. ఆఖరి ఓకే మీరు చెప్తారు. ఎందుకంటే కస్టమర్‌తో మాటలు పడేది మీరు, వాడు కాదు, ఈ మాట వాడికి చెప్తే అర్థం చేసుకుంటాడు. ప్రతి చీరకీ ఒక ఫొటోలో మీ చెయ్యి కూడా పడేలా చూడండి, మనిషి చర్మం రంగు తేడాగా ఉంటే చూసేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు, వాళ్ళ స్క్రీన్ ఎలా ఉందో వాళ్ళకే తెలుస్తుంది. పెట్టే ముందు రంగు పేరు కూడా రాయండి, "వంగపండు రంగు, నీలం కాదు" అని.

ఇక ఆ హైదరాబాద్ ఆవిడ. గ్రూపులో వాదన పెట్టుకోకండి, వదిలేసి ఊరుకోకండి కూడా. చీర తెప్పించుకుని డబ్బులూ, కొరియర్ ఖర్చూ ఇచ్చెయ్యండి. అదే చీర పొద్దున కిటికీ దగ్గర తీసి, పాత ఫొటో పక్కన పెట్టి గ్రూపులోనే పోస్ట్ చెయ్యండి: ఇది రాత్రి ట్యూబు కింద తీసింది, ఇది పగలు తీసింది, చీర రెండోదానిలా ఉంటుంది, ఇకనుంచి ఇలాగే పెడతాం అని. సంజాయిషీలు అంతకు మించి వద్దు. ఆవిడ మాట వెనక్కి తీసుకుంటుందో లేదో చెప్పలేను, మిగతావాళ్ళు మాత్రం చూస్తారు. మిగిలిన స్టాకులో వంగపండు, మెరూన్, క్రీమ్, డబుల్ షేడ్‌లు ముందు మళ్ళీ తియ్యండి, వాటి పాత ఫొటోలు తీసేయండి, మీ ఫొటోలు పెట్టి మళ్ళీ అమ్మే రీసెల్లర్లుంటే వాళ్ళకి విడిగా ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే వాళ్ళు ఆర్నెల్ల తర్వాత కూడా అదే పాత ఫొటోతో ఆర్డర్ పట్టుకొస్తారు.